గెలిచిన పిల్లకు చోటెందుకు దొరకలేదంటే

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన వారం మీ క్రీడా పేజీలో కింద మూలన "గెలిచినా చోటు లేదు" అని నాలుగు వాక్యాల వార్త వేశారు. ఫిగర్ స్కేటింగ్‌లో జాతీయ పోటీ గెలిచిన అమ్మాయిని వదిలేసి, రెండో స్థానంలో వచ్చిన అమ్మాయిని ప్రపంచ పోటీలకు పంపుతున్నారని, అభిమానులు మండిపడుతున్నారని రాశారు. ఎందుకు పంపుతున్నారో మాత్రం రాయలేదు. అదొక్కటి రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నేను లెక్కల టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి పదకొండేళ్లు స్కేటింగ్ చేసింది. ఆ పదకొండేళ్లూ రింక్ పక్కన మెట్ల మీద దుప్పటి కప్పుకుని, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నదాన్ని. గెలిచి కూడా ఇంట్లో కూర్చున్న పిల్ల తల్లిని నేనే. మరుసటి ఏడాది, గెలవకపోయినా వెళ్లిన పిల్ల తల్లినీ నేనే. అందుకని ఈ విషయంలో నా కోపం ఒకవైపే ఉండదు.

అందరూ పొరపడేది మొట్టమొదటి మెట్టు మీదే. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో చోటు స్కేటర్‌దని అనుకుంటారు. నిజానికది దేశానిది. ఈ ఏడాది ఒక దేశం ఎంతమందిని పంపాలన్నది పోయిన ఏడాది ఆ దేశం వాళ్లు ఎన్నో స్థానంలో వచ్చారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఎవరికైనా ఒక చోటు ఉంటుంది. రెండో చోటు, మూడో చోటు సంపాదించుకోవాలి. మూడుకు మించి ఎవరికీ లేదు. పోయినసారి బంగారు పతకం గెలిచిన మనిషికైనా ఈసారి తన పేరు మీద సీటేమీ ఉండదు. వాళ్ల దేశం పేరు రాసి పంపితేనే వెళ్లాలి.

లెక్క చాలా సులువు, ఏడో తరగతి పిల్లలు చేసేస్తారు. ఒక దేశం నుంచి ఇద్దరో ముగ్గురో ఆడితే, వాళ్లలో మెరుగైన ఇద్దరి స్థానాలు కూడతారు. మొత్తం 13కు మించకపోతే వచ్చే ఏడాది మూడు చోట్లు. 28కి మించకపోతే రెండు. అంతకు మించితే ఒకటే. ఒక్కరే ఆడిన దేశమైతే, ఆ ఒక్కరూ మొదటి రెండు స్థానాల్లో ఉంటే మూడు, పదో స్థానం లోపు ఉంటే రెండు. షార్ట్ ప్రోగ్రాంలో (మొదట ఆడే చిన్న ప్రదర్శన) వెనకబడి ఫ్రీ స్కేట్‌కు (తర్వాత ఆడే పొడవైన ప్రదర్శన) చేరని వాళ్లను 18గా లెక్కేస్తారు. సింగిల్స్‌లో ఫ్రీ స్కేట్‌కు వెళ్లేది 24 మందే. ఫ్రీ స్కేట్ ఆడి 17వ స్థానంలో ఉన్నా, 24వ స్థానంలో ఉన్నా 16 కిందే లెక్క.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. ఈ ఏడాది ఒక పిల్ల ఫ్రీ స్కేట్ చివర్లో కాళ్లు లాగేసి ఒక జంప్ వదిలేస్తే, ఆరో స్థానం ఎనిమిదో స్థానమైతే, వచ్చే ఏడాది ఇంకెవరికో, బహుశా అప్పటికి జూనియర్‌లో ఉన్న పిల్లకు, దారి మూసుకుపోతుంది. ఆ పిల్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. తన తప్పేమీ లేదు.

2020లో కొవిడ్ వల్ల మాంట్రియల్‌లో జరగాల్సిన ప్రపంచ పోటీలు రద్దయ్యాయి. అప్పుడేం చేశారు? 2021 చోట్లకు 2019లో సైతామాలో జరిగిన పోటీల స్థానాలనే వాడారు. రెండేళ్ల కిందట ఒక వారంలో ఎవరో ఆడిన ఆటే, అప్పటికి రిటైరైపోయిన వాళ్ల ఆటతో సహా, మిగతావాళ్ల నెత్తిన కూర్చుంది. ఇంకేం చేస్తారులెండి, వేరే దారి లేదు.

మంచి వైపు కూడా చెప్పాలి. 2013లో కెనడాలోని లండన్ ఊళ్లో జరిగిన ప్రపంచ పోటీలకు దక్షిణ కొరియా అమ్మాయిల్లో ఒక్క కిమ్ యునాయే వెళ్లింది. మొదటి స్థానంలో వచ్చింది. దాంతో మరుసటి ఏడాది సోచి ఒలింపిక్స్‌కు కొరియాకు మూడు చోట్లు వచ్చాయి. తనతోపాటు పదహారేళ్ల పిల్లలు ఇద్దరు ఒలింపిక్స్ మంచు మీద కాలు పెట్టారు. ఆ పిల్లల టికెట్లు కిమ్ యునా కాళ్లతో కొన్నవి. ఇప్పుడైతే ఒలింపిక్స్‌కు అంత తేలిగ్గా ఇవ్వరు. ఒక్కరే ఆడి మూడు చోట్ల లెక్క తెచ్చినా, ఫ్రీ స్కేట్‌కు ఎంతమంది చేరారో చూస్తారు. మిగిలిన చోటు కోసం వేరే స్కేటర్ వెళ్లి అర్హత పోటీలో ఆడి తెచ్చుకోవాలి. మొన్నటి మిలాన్ ఒలింపిక్స్‌కు ఆ అర్హత పోటీ 2025 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగింది. మహిళల సింగిల్స్‌లో ఐదు, పురుషుల సింగిల్స్‌లో ఐదు చోట్లు అక్కడ పంచారు. ఒక్కో విభాగంలో 2025 బోస్టన్ ప్రపంచ పోటీల్లో తేలిన 24, బీజింగ్‌లో తేలిన 5, వెరసి 29. 2022 మార్చి నుంచి నిషేధంలో ఉన్న రష్యా నుంచి తటస్థ క్రీడాకారులుగా వచ్చిన ఇద్దరు, అడీలియా పెట్రోస్యాన్, ప్యోత్ర్ గుమెన్నిక్, బీజింగ్‌లో చెరో విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. జెండా లేకుండా ఆడినా చోటు దేశం లెక్కలాగే ఒక్కటి ఒక్కటిగానే తెచ్చుకోవాల్సి వచ్చింది.

కిమ్ యునా సంగతి వచ్చింది కాబట్టి, నాకు ఈ ఆట అర్థమైన రోజు గురించి చెప్తాను.

దేశానికి చోటుంటే సరిపోదు. ఆ చోటులో నిలబడే మనిషికి కనీస టెక్నికల్ మార్కులు ఉండాలి. స్కేటింగ్‌లో మార్కులు రెండు భాగాలు. జంపులు, స్పిన్‌లు, అడుగుల వరసలకు ఇచ్చేవి ఒకటి. స్కేటింగ్ తీరు, కూర్పు, ప్రదర్శనకు ఇచ్చేవి రెండోది. కనీస మార్కుల లెక్క మొదటి భాగానికే. మీరు ఎంత అందంగా ఆడినా, హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టినా, ఆ భాగంలో గీత దాటకపోతే ప్రపంచ పోటీలకు వెళ్లడం కుదరదు. షార్ట్‌కు ఒక గీత, ఫ్రీకి ఒక గీత. రెండూ ఒకే పోటీలో దాటక్కర్లేదు. కానీ ఈ సీజన్‌లోనో, దానికి ముందు సీజన్‌లోనో దాటి ఉండాలి. సీజన్ అంటే జూలై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా. అన్నిటికన్నా ముఖ్యం, అది ఇంటర్నేషనల్ స్కేటింగ్ యూనియన్ గుర్తించిన అంతర్జాతీయ పోటీలో వచ్చిన మార్కు అయ్యుండాలి. జాతీయ పోటీ మార్కులు చెల్లవు. అక్కడ ఇంటి జడ్జీలు, ఇంటి ప్రేక్షకులు, చెయ్యి కాస్త ఉదారంగా ఉంటుంది. ఇది తెలియక ఎంతమంది "జాతీయ పోటీలో అంత స్కోరు వచ్చింది కదా" అని వాదించారో నాతో!

కిమ్ యునా 2010లో వాంకూవర్‌లో ఒలింపిక్ బంగారం గెలిచింది. 2011 ప్రపంచ పోటీల తర్వాత ఏడాదిన్నరకు పైగా ఆడలేదు. మళ్లీ వస్తానంది. ఒలింపిక్ ఛాంపియన్ కదా, రత్నకంబళి పరుస్తారనుకుంటాం. లేదు. ఆమె దగ్గర చెల్లే కనీస మార్కులు లేవు. అందుకని 2012 డిసెంబరులో జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఎన్నార్‌డబ్ల్యూ ట్రోఫీ అనే చిన్న పోటీకి వెళ్లింది. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మా అమ్మాయిలాంటి పిల్లలు. గీత దాటితే చాలు దేవుడా అని వచ్చేవాళ్లు. ఆ పిల్లలతోపాటు వరసలో నిలబడి ఆడింది. 200 దాటిన స్కోరుతో గెలిచింది. మూడు నెలలకు ప్రపంచ ఛాంపియన్ అయ్యింది.

ఆ వార్త మా కోచ్ ప్రింట్ తీసి లాకర్ గది తలుపుకు అంటించాడు. "కిమ్ యునా కూడా వెళ్లింది, మీకేంటి నామోషీ" అన్నది దానర్థం.

మా అమ్మాయి జాతీయ పోటీ గెలిచిన ఏడాది సంగతి వినండి. మేమున్న దేశం ఈ ఆటలో చిన్నది. ప్రపంచ పోటీలకు మాకు ఒక్కటే చోటు. షార్ట్ ప్రోగ్రాం గీత సెప్టెంబరులోనే దాటేసింది. ఫ్రీ స్కేట్ గీత మిగిలిపోయింది. అక్టోబరులో ఒక పోటీ, నవంబరులో ఒకటి, జనవరి చివర ఒకటి. ప్రతిదానికీ విమానం, హోటలు, కోచ్ ఖర్చు, సగం మాదే. మొదటి దాంట్లో పడింది. పడితే కోసే ఆ 1 మార్కు మొత్తంలోంచి పోతుంది గానీ, ఆ జంప్‌కు రావాల్సిన మార్కులు ఎలాగూ పోతాయి కదా. రెండోదాంట్లో జంప్‌లు దిగాయి, కానీ రెండింటిలో తిరుగుడు తక్కువైందన్నారు. పావు చుట్టుకు మించి తగ్గితే జంప్ విలువలో కొంత కోసేస్తారు. మామూలు కంటికి అది కనపడదు. టెక్నికల్ ప్యానెల్ వాళ్లు వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తారు.

మూడోది ఆఖరి అవకాశం. ఆ రోజు మా అమ్మాయి తన జీవితంలో ఆడిన ఫ్రీ స్కేట్‌లన్నిటికన్నా బాగా ఆడింది. ఒక్క తప్పు లేదు. నేను దుప్పటి కింద పడేసి లేచి నిలబడ్డాను. మార్కులు వచ్చాయి. మొత్తం స్కోరు చూసి చుట్టుపక్కల వాళ్లు నాకు చేతులు కలుపుతున్నారు. నేను మాత్రం ఎడమవైపు చిన్న అక్షరాల్లో ఉన్న టెక్నికల్ అంకె కోసం వెతుకుతున్నాను. 0.38 తక్కువ.

ఎక్కడ పోయిందో రాత్రి ఫలితాల షీట్ దగ్గర పెట్టుకుని కూర్చుని తేల్చుకున్నాం. ఆఖరి స్పిన్‌కు లెవెల్ 4 (కష్టాన్ని బట్టి ఇచ్చే లెవెల్‌లలో అన్నిటికన్నా పైది) అనుకున్నది లెవెల్ 2 ఇచ్చారు. ఒక భంగిమలో రెండు చుట్లు పూర్తిగా పట్టుకోవాలి, ఒకటిన్నరకే వదిలేసింది. సంతోషంలో తొందరపడింది. అప్పటికే బాగా ఆడేశానని తనకు తెలుసు మరి.

జాతీయ పోటీలో రెండో స్థానంలో వచ్చిన అమ్మాయికి రెండు గీతలూ దాటిన మార్కులున్నాయి. తను వెళ్లింది. ఎవరిని పంపాలో తేల్చే మా దేశపు స్కేటింగ్ ఫెడరేషన్ తప్పేం లేదు. మా అమ్మాయి పేరు రాసి పంపినా ఎంట్రీ తిరిగి వచ్చేది. కాబట్టి సంపాదకులు గారూ, మీ వార్తలోని అమ్మాయికి కూడా ఇలాంటిదే జరిగి ఉండవచ్చు. లేదా వేరేదేదైనా అయ్యుండవచ్చు. ఏది అన్నది ఒక్క ఫోన్ చేస్తే తేలేది.

వేరేదేదైనా అన్నాను కదా. వయసు కావచ్చు.

సీనియర్ పోటీల్లో ఆడాలంటే సీజన్ మొదలయ్యే జూలై 1కి ముందే ఇంత వయసు నిండి ఉండాలని నియమం. ప్రపంచ పోటీలకూ ఒలింపిక్స్‌కూ చాలాకాలం అది 15. బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల రష్యా అమ్మాయి కమీలా వలియేవా డోపింగ్ గొడవ తర్వాత, 2022 జూన్‌లో దాన్ని మెట్లు మెట్లుగా పెంచాలని తీర్మానించారు. 2023-24లో 16, 2024-25 నుంచి 17. జపాన్ అమ్మాయి మావో అసాడా 2005 డిసెంబరులో గ్రాండ్‌ప్రి (ఏటా జరిగే పోటీల వరస, అప్పట్లో దానికి వయసు నియమం కాస్త తక్కువ) ఫైనల్ గెలిచింది, సీనియర్లందరినీ దాటి. రెండు నెలలకు వచ్చిన టొరినో ఒలింపిక్స్‌కు మాత్రం వెళ్లలేకపోయింది. సెప్టెంబరు 25న పుట్టింది. 87 రోజులు చిన్నదైంది. ఆమె పేరే పెట్టుకున్న ఇంకో జపాన్ అమ్మాయి మావో షిమాడా 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు జూనియర్ ప్రపంచ ఛాంపియన్. అక్టోబరులో పుట్టింది. మిలాన్ ఒలింపిక్స్‌కు వయసు చాలలేదు. ఒకే పేరు, ఒకే గతి. లెక్కల టీచర్‌ని కాబట్టి ఇలాంటివి యాదృచ్ఛికమనే అంటాను గానీ, రాస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

మరుసటి ఏడాది మా ఇంట్లో జరిగింది ఇదే. మా అమ్మాయి మార్కులు సంపాదించింది, అక్టోబరులోనే. జాతీయ పోటీలో మాత్రం ఒక చిన్న పిల్ల వచ్చి చిత్తుగా ఓడించింది. ట్రిపుల్ జంప్‌లు పిల్లి గోడ దూకినట్టు దూకేసేది. అప్పటి నియమం 15. ఆ పిల్లకు జూలై 1 తర్వాత, ఆగస్టులో నిండాయి. మా అమ్మాయి వెళ్లింది. పతకాలిచ్చాక ఆ పిల్ల తల్లి వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ అమ్మాయి పుట్టిన రోజు ఎప్పుడండీ?" అంది. మార్చి అన్నాను. "అదృష్టవంతురాలు" అంది. నాకేం చెప్పాలో తోచక ఫ్లాస్క్‌లో టీ ఉంటే కప్పులో పోసి ఇచ్చాను.

గ్రాండ్‌ప్రి గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మీ పేజీలో దాన్నీ ప్రపంచ పోటీలనూ ఒకే గాటన కడుతుంటారు. గ్రాండ్‌ప్రిలో జెండా కన్నా పేరుకు విలువ. 1995లో మొదలైంది. శరదృతువులో ఆరు దేశాల్లో ఆరు పోటీలు, ఆ తర్వాత ఫైనల్. సింగిల్స్‌లో ఒక్కో పోటీకి 12 మంది. అంటే ఆరింటికీ కలిపి 72 సీట్లు. ఒక మనిషి రెండింటికి మించి ఆడకూడదు. అందరికీ రెండేసి ఇస్తే 36 మందితో సరి. ప్రపంచ పోటీల్లో మొదటి ఆరుగురికి రెండేసి ఖాయం. తర్వాత ప్రపంచ ర్యాంకింగ్‌లోనూ, పోయిన సీజన్ అత్యుత్తమ స్కోర్ల జాబితాలోనూ మొదటి 24 మందిలో ఉన్నవాళ్ల వైపు చూస్తారు. ఆతిథ్య దేశం తన వాళ్లను ముగ్గురి దాకా దించుకోవచ్చు. ఒక పోటీకి ఏ దేశం నుంచైనా ముగ్గురికి మించరు. అందుకే జపాన్‌లో ఏడో ఎనిమిదో స్థానంలో ఉన్న అమ్మాయి వేరే దేశంలో అయితే రాణిలా ఉండేది, ఇక్కడ ఒక్క పిలుపు కోసం జూన్ నెలంతా ఫోను చూసుకుంటూ కూర్చుంటుంది. జాబితా బయటికొచ్చేది సాధారణంగా జూన్‌లోనే.

ఒక్క పిలుపుకూ రెండు పిలుపులకూ తేడా మామూలుది కాదు. మొదటి స్థానానికి 15 పాయింట్లు, రెండుకు 13, మూడుకు 11, అలా తగ్గుతూ ఎనిమిదికి 3. ఆ పాయింట్లు కూడి మొదటి ఆరుగురిని ఫైనల్‌కు పిలుస్తారు. ఒక్క పోటీయే దొరికిన పిల్ల దాన్ని గెలిచినా 15 దగ్గరే ఆగిపోతుంది. రెండుసార్లు మూడో స్థానంలో వచ్చిన పిల్లకు 22. ఒక్కటే దొరికిన వాళ్లు ఫైనల్‌కు చేరకపోతే "తడబడింది" అని రాయకండి దయచేసి.

జూనియర్ గ్రాండ్‌ప్రి మళ్లీ దేశం లెక్కే. పిల్లల పేర్లు ఫెడరేషన్ రాస్తుంది, వారం ముందు మార్చగలదు కూడా. చాలెంజర్ సిరీస్ 2014లో మొదలైంది, ర్యాంకింగ్ పాయింట్లూ కనీస మార్కులూ దొరికేది ఎక్కువగా అక్కడే. పదహారేళ్లకే ఆట మానేసి, రెండేళ్ల తర్వాత 2024లో తిరిగొచ్చిన అమెరికా అమ్మాయి అలీసా లియు మొదట ఆడింది కూడా బుడాపెస్ట్‌లో ఒక మామూలు పోటీలోనే. తర్వాతి మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. జంటలకైతే ఇంకో తలనొప్పి ఉంది. భాగస్వామి మారితే ర్యాంకింగ్ మళ్లీ సున్నా నుంచి. 2024లో నలభై ఏళ్ల వయసులో మాక్సిమ్ డెషాంప్‌తో కలిసి కెనడా తరఫున ప్రపంచ టైటిల్ గెలిచిన డియానా స్టెలాటో-డ్యూడెక్ అప్పటికి కెనడా పౌరురాలు కాదు. ప్రపంచ పోటీలకు జంటలో ఒకరికి పౌరసత్వముంటే చాలు, ఒలింపిక్స్‌కు ఇద్దరికీ ఉండాలి. ఆమెకు పౌరసత్వం ఆ ఏడాది డిసెంబరులో వచ్చింది. ప్రపంచ విజేత పాస్‌పోర్ట్ కోసం ఎదురుచూడటం చూశారా?

మా అమ్మాయికి గ్రాండ్‌ప్రి పిలుపు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ సబ్‌స్టిట్యూట్‌గా. ఎవరికో చీలమండ బెణికింది, వాళ్లు తప్పుకున్నారు. వాళ్ల తర్వాతి వాళ్లు రాలేమన్నారు. జాబితా దిగి దిగి మా దాకా వచ్చింది. గురువారం రాత్రి ఫోను. పోటీ మరుసటి శుక్రవారం. తన పాస్‌పోర్ట్ ఆ రోజు ఇంకో పోటీ వీసా కోసం వేరే దౌత్య కార్యాలయంలో ఉంది. ఎనిమిది రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకుని, కొత్త వీసా వేయించడం మా వల్ల కాలేదు. మంగళవారం మధ్యాహ్నం రాలేమని మెయిల్ పెట్టాం. ఆ పోటీ టీవీలో వచ్చింది. చూడలేదు. మా అమ్మాయి చూసింది, బట్టలు మడతపెడుతూ.

ఇప్పుడు మీ వార్తలో అసలు ప్రశ్నకు వస్తాను. ఇద్దరికీ వయసుంది, ఇద్దరికీ కనీస మార్కులున్నాయి, చోటు ఒక్కటే. అప్పుడు గెలిచిన వాళ్లనే పంపాలా?

అమెరికాలో 1994లో నాన్సీ కెరిగన్ జాతీయ పోటీ ఆడనేలేదు. పోటీకి ముందు ఒకడు మోకాలి దగ్గర కొట్టాడు. అయినా రెండు ఒలింపిక్ చోట్లలో ఒకటి ఆమెకిచ్చారు. ఆ పోటీలో రెండో స్థానంలో వచ్చిన పదమూడేళ్ల మిషెల్ క్వాన్‌ను రిజర్వుగా ఉంచారు. కెరిగన్ ఆ ఏటి ఒలింపిక్స్ జరిగిన లిల్లెహామర్ నుంచి వెండి పతకంతో వచ్చింది. దాని మీద పెద్దగా ఎవరూ గొడవ చేయలేదు.

2014లో మాత్రం చేశారు. అక్కడి జాతీయ పోటీలో గ్రేసీ గోల్డ్, పొలీనా ఎడ్మండ్స్, మిరాయ్ నాగాసు, యాష్లీ వాగ్నర్ వరసగా నాలుగు స్థానాల్లో వచ్చారు. సోచికి మూడు చోట్లు. మూడో స్థానంలోని నాగాసును ఆపి నాలుగో స్థానంలోని వాగ్నర్‌ను తీసుకున్నారు. నాగాసు ఏడుస్తూ ఆ రాత్రి ప్రదర్శనలో ఆడిన వీడియో ఎవరు చూసినా గుండె కలుక్కుమంటుంది. నేనూ అప్పుడు ఫెడరేషన్‌ను తిట్టిన వాళ్లలో ఉన్నాను. కానీ తర్వాత లెక్క వేసి చూశాను. అమెరికాకు ఆ మూడో చోటు అసలు ఎక్కడిది? 2013 ప్రపంచ పోటీల్లో, కిమ్ యునా గెలిచిన ఆ పోటీల్లోనే, వాగ్నర్ 5, గోల్డ్ 6. మొత్తం 11. పదమూడు లోపు కాబట్టి మూడు చోట్లు. వాగ్నర్ ఒక్క నాలుగు స్థానాలు కిందికి జారినా ఆ చోటే పుట్టేది కాదు. పైగా ఆ డిసెంబరులో గ్రాండ్‌ప్రి ఫైనల్లో కంచు తెచ్చింది. ఏడాది పొడవునా ఆడిన ఆట ఒకవైపు, ఒక రాత్రి ఆడిన ఆట ఒకవైపు. నాకైతే వాళ్లు చేసింది సరైనదే అనిపించింది. నాగాసు మానేయలేదు. 2018లో జట్టులోకి వచ్చి, ఒలింపిక్స్‌లో ట్రిపుల్ యాక్సెల్ (గాల్లో మూడున్నర చుట్లు తిరిగే జంప్) దించిన మొదటి అమెరికన్ మహిళ అయ్యింది.

నాకు సరనిపించింది ఇంకో తల్లికి అనిపించకపోవచ్చు. అందుకే నేనడిగేది ఎవరిని పంపాలన్నది కాదు. ఏది చూసి పంపుతారో జూలైలో చెప్పమని. మేమున్న చోట ఫెడరేషన్ ఎంపిక నియమాలు ఒక ఏడాది జాతీయ పోటీలయ్యాక, డిసెంబరు ఆఖర్లో బయటపెట్టింది. "ఇటీవలి ఫామ్" అన్న మాట అందులో ఉంది. ఇటీవల అంటే ఎన్ని నెలలు? ఫామ్ అంటే మార్కులా, స్థానమా? అడిగితే సమాధానం లేదు. ఆ ఏడాది మా అమ్మాయికి దానివల్ల లాభమే జరిగింది, అది కూడా చెప్పాలి. లాభం జరిగినా రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మరుసటి ఏడాది అదే మాటతో మమ్మల్ని ఆపొచ్చని తెలుసు. పరీక్ష అయ్యాక మార్కుల స్కీమ్ తయారుచేసే టీచర్‌ను మా స్కూల్లో ఒక్క రోజు కూడా ఉంచేవాళ్లు కాదు.

జాతీయ పోటీకి ఎంత వంతు, ప్రపంచ ర్యాంకుకు ఎంత వంతు, ఈ సీజన్ అంతర్జాతీయ స్కోర్లకు ఎంత వంతు, ఒక పేజీలో రాసి సీజన్ మొదట్లో పెట్టేస్తే చాలు. జబ్బు చేసిన వాళ్లను ఎలా చూస్తారో ఇంకో పేరా. రిజర్వుగా ఉన్న పిల్లకు ఆ సంగతి ముందే చెప్పి, వీసా పత్రాలు సిద్ధం చేసి ఉంచడం మూడోది. దీనికి డబ్బేమీ ఖర్చు కాదు.

మీకు నా విన్నపం చిన్నదే. ఇకమీదట ఇలాంటి వార్త వేసేటప్పుడు మూడు అంకెలు పక్కన వేయండి. ఆ దేశానికి ఎన్ని చోట్లున్నాయి, ఆ ఇద్దరు పిల్లల వయసు జూలై 1 నాటికి ఎంత, ఇద్దరి అంతర్జాతీయ టెక్నికల్ మార్కులు ఎంత. అవన్నీ ఇంటర్నెట్‌లో ఎవరికైనా దొరుకుతాయి, నాలాంటి ముసలమ్మకు కూడా. ఆ తర్వాత అభిమానులు మండిపడితే పడనివ్వండి. పక్కకు నెట్టిన పిల్ల పేరు ఎలాగూ వేస్తారు. వెళ్లే పిల్ల పేరు కూడా వేయండి. మీ వార్తలో ఆ అమ్మాయి పేరే లేదు. "రెండో స్థానంలో వచ్చిన క్రీడాకారిణి" అని వదిలేశారు. తను కూడా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి రింక్‌కు వెళ్లే పిల్లే.

ఇట్లు,
ఒక మాజీ స్కేటర్ తల్లి, రిటైర్డ్ లెక్కల టీచర్

తా.క.: పంపే ముందు ఈ ఉత్తరం మా అమ్మాయికి చదివి వినిపించాను. ఇప్పుడు తను ఆట మానేసి ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తోంది, స్కేటింగ్ మాటెత్తితే విషయం మార్చేస్తుంది. అంతా విని "0.38 కాదమ్మా, 0.36" అంది. నేను ఒప్పుకోలేదు. పాత నోట్‌బుక్ వెతికి తీశాం. 0.36 అనే ఉంది. పైన మార్చకుండా అలాగే వదిలేస్తున్నాను, మీరు వేసేటప్పుడు సరిచేసుకోగలరు.